బంకు దగ్గర ఒక్క సిగరెట్టు

అనంతపురం సప్తగిరి సర్కిల్ చుట్టుపక్కల సిగరెట్లమ్మే ఏ బంకు (చిన్న బడ్డీకొట్టు) దగ్గరైనా కాసేపు నిలబడి చూడండి. "అన్నా, ఒగటి ఇయ్యి" అంటారు. ఏది కావాలో కూడా చెప్పరు. రోజూ తీసుకునేదేదో అంగడాయనకు తెలుసు, చేతిలో పెడతాడు. పక్కన వేలాడే కొబ్బరి తాడు కొసన నిప్పు రాజుకుంటూ ఉంటుంది. బేరమంతా అర నిమిషంలో అయిపోతుంది.

పొగతాగేవాళ్లు ఫలానా సిగరెట్టునే ఎందుకు పట్టుకుంటారో తేల్చాలంటే ఆ అర నిమిషాన్ని కొలవాలి. "ఇదే ఎందుకు?" అని నేరుగా అడిగితే "అలవాటు", "ఘాటు సరిపోతుంది" అనే మాటలే వస్తాయి. వాళ్లు దాచేదేమీ లేదు. ధర, పొడవు, రుచి, పెట్టె రంగు, జతగాడు తాగే రకం అన్నీ కలిసి చేసిన పనిని ఎవరూ తమలో తాము విడగొట్టి చెప్పుకోలేరు. అందుకే పరిశోధకులు అడగడం తగ్గించి, ఎంచుకోమంటారు.

మనిషి వస్తువును కాక దానిలోని గుణాలను కొంటాడని 1966లో ఆర్థికవేత్త కెల్విన్ లాంకాస్టర్ రాశాడు. ఆ ఎంపికలకు లెక్క కట్టే గణితాన్ని డేనియల్ మెక్‌ఫాడెన్ తయారుచేశాడు. ఆయన దాన్ని శాన్‌ఫ్రాన్సిస్కోలో కొత్త రైలు వస్తే ఎంతమంది ఎక్కుతారో అంచనా వేయడానికి వాడాడు. 2000లో ఆయనకు ఆర్థికశాస్త్రంలో నోబెల్ వచ్చింది. రైలుకూ బస్సుకూ పనికొచ్చిన లెక్కే సిగరెట్టుకూ పనికొస్తుంది.

చేసే పని ఇది. గుణాలు నాలుగు అనుకుందాం. ధర 10, 12, 15, 20 రూపాయలు. పొడవు 64, 69, 84 మిల్లీమీటర్లు. రుచి మామూలుది లేదా మింట్. అమ్మకం లూజుగా లేదా పెట్టెగా. నాలుగు, మూడు, రెండు, రెండు గుణిస్తే 48 రకాల ఊహా సిగరెట్లు. ఒక్కో కార్డు మీద రెండు సిగరెట్లు చూపించి, ఏది కొంటారో ఎంచుకోమంటారు. రెండేసి చొప్పున జత కడితే 1,128 కార్డులు. అన్ని కార్డులు చూసే ఓపిక ఎవరికుంటుంది? గుణాలు ఒకదానితో ఒకటి చిక్కుపడకుండా అందులోంచి 16 జతలు ఏరి, రెండు కట్టలు చేసి, ఒక్కో మనిషికి 8 చూపిస్తారు. ఎంతమంది కావాలో చెప్పడానికి ఒక మోటు సూత్రం ఉంది: 500ను అన్నిటికంటే ఎక్కువ మెట్లున్న గుణానికి ఎన్ని మెట్లుంటే (ఇక్కడ ధరకు నాలుగు) అంతతో గుణించి, కార్డుల సంఖ్య, కార్డు మీది ఎంపికల సంఖ్యల లబ్ధంతో భాగించాలి. ఇక్కడ 500×4÷(8×2), అంటే 125 మంది. అది కనీసం. ఆటోవాళ్లు వేరు, కాలేజీ కుర్రాళ్లు వేరు అని చెప్పాలనుకుంటే ఒక్కో గుంపుకూ అంతమంది కావాలి.

కార్డులతో ఇంత తంటా ఎందుకంటే, బజారులో పొడవూ ధరా జంటగా నడుస్తాయి. మన దేశంలో సిగరెట్టు పన్ను పొడవును బట్టి మారుతుంది. ఫిల్టరు ఉన్నవాటికి 65 మి.మీ. వరకు ఒక మెట్టు, 70 వరకు ఇంకొకటి, 75 వరకు మరొకటి, ఆపైన వేరే. బంకులో "చిన్నది" అని అడిగేదాన్ని స్కేలు పక్కన పెట్టి చూడండి, ఫిల్టరుతో కలిపి 64 వస్తుంది. మధ్యరకం 69. మెట్టుకు సరిగ్గా ఒక్క మిల్లీమీటరు తక్కువ! చిన్నది కొనేవాడికి పొట్టిదే నచ్చిందా, చవకైనది నచ్చిందా అన్నది అమ్మకాల లెక్క చూసి చెప్పలేం. కార్డు మీదైతే పొడుగుదాన్ని 12కు, పొట్టిదాన్ని 15కు పెట్టి చూడొచ్చు. మరీ చవగ్గా పెడితే మాత్రం "ఇది నకిలీదేమో" అని పక్కన పెట్టేస్తారు.

ఇక చెడిపోయే చోట్లు. బొమ్మలు అసలు సైజులోనే అచ్చు కావాలి. జిరాక్సు అంగడిలో "పేజీకి సరిపోయేలా" అన్న సెట్టింగు వదిలేస్తే 84 కాస్తా 80కి దిగుతుంది. ప్రతి కట్టలో ఒక కార్డునైనా స్కేలుతో కొలవాలి. ధరల్లో 13, 17 లాంటివి పెడితే నగదు ఇచ్చేవాడి జవాబులో చిల్లర సమస్య దూరుతుంది, ఫోనుతో కట్టేవాడికి ఆ బాధ లేదు. కాబట్టి డబ్బు ఎలా ఇస్తాడో కూడా రాసుకోవాలి.

అన్నిటికంటే పెద్ద పొరపాటు, కార్డు మీది రెండూ నచ్చనివాడికి "ఏదీ వద్దు" అన్న గడిని ఒక్కటే పెట్టడం. 20 రూపాయలైతే వద్దన్నవాడు మానేస్తాడా, బీడీకి దిగుతాడా, ఇంకో బంకుకు పోతాడా? 2016-17 జాతీయ సర్వేలో దేశంలోని పెద్దల్లో సిగరెట్టు తాగేవాళ్లు 4 శాతమైతే బీడీ తాగేవాళ్లు 7.7 శాతం. పక్కనే నంద్యాల వైపు బీడీ పొగాకు పండే సీమలో బీడీని వదిలేసిన కార్డు సగం కార్డే. పైగా బీడీకి దిగడం ఆరోగ్యానికి మేలేమీ కాదు. ఆకు గుండా గాలి సరిగా ఆడదు, ఆరిపోకుండా ఉండాలంటే మాటిమాటికీ గట్టిగా లాగాలి.

అడిగే వేళా ముఖ్యమే. ఇప్పుడే ఒకటి కాల్చి పారేసినవాడు ధర చూసి బేరమాడతాడు. రెండు గంటలుగా తాగనివాడికి ధర కనపడదు. చివరి సిగరెట్టు కాల్చి ఎన్ని నిమిషాలైందో, పొద్దున లేచాక ఎంతసేపటికి మొదటిది ముట్టిస్తాడో రాసుకోవాలి. ఐదు నిమిషాల్లోపే అయితే నికోటిన్ పట్టు గట్టిగా ఉన్నట్టు. ఇంటికి వెళ్లి అడగడం దండగ. నాయన వినేలా కొడుకు "నేను తాగను సార్" అనే అంటాడు. బంకు దగ్గర గుంపులో అడిగినా ఒకడు చెప్పిందే అందరూ చెబుతారు. ఒక్కొక్కరినీ పక్కకు తీసుకెళ్లాలి. 18 నిండనివాళ్లను కలపకూడదు, పరిశోధనల మంచిచెడ్డలు చూసే నైతిక సంఘం అనుమతి లేకుండా మొదలుపెట్టకూడదు.

రుచి, రంగు దగ్గర శరీరశాస్త్రం కూడా తెలియాలి. మింట్ సిగరెట్టులోని మెంథాల్ నాలుకనూ గొంతునూ నిజంగా చల్లబరచదు, చలిని పసిగట్టే గ్రాహకాలను తట్టి మోసగిస్తుంది. మంట తెలియదు, పొగ లోపలికి దిగుతుంది. "లైట్" అనిపించేవాటిలో చాలావాటికి ఫిల్టరు చుట్టూ సూదిబెజ్జాల వరస ఉంటుంది, ఆ కాగితాన్ని వెలుతురుకు పెడితే కనిపిస్తుంది. పొగలోని తారును కొలిచే యంత్రం నిమిషానికోసారి, 2 సెకన్లపాటు, 35 మిల్లీలీటర్లు పీలుస్తుంది. బెజ్జాల గుండా గాలి కలిసి తారు తక్కువ చూపిస్తుంది. మనిషి పెదవులతో, వేళ్లతో ఆ బెజ్జాలనే మూసి, ఇంకా లోతుగా లాగుతాడు. ఇలాంటి మభ్యపెట్టే మాటలు పెట్టెల మీద ఉండకూడదని పొగాకు నియంత్రణపై ప్రపంచ ఒడంబడిక 11వ అధికరణ చెబుతుంది. మాట పోయినా తెల్లటి పెట్టె అదే పని చేస్తుంది గనక రంగును కూడా ఒక గుణంగా పెట్టడం మంచిది.

హెచ్చరిక బొమ్మ సంగతి లూజు అమ్మకం దగ్గర తేలిపోతుంది. 2016 ఏప్రిల్ నుంచి పెట్టె మీద 85 శాతం మేర బొమ్మతో కూడిన హెచ్చరిక ఉండాలి, 2018 నుంచి మానేందుకు సాయం చేసే 1800-11-2356 నంబరూ ఉంటోంది. కానీ పెట్టె అంగడాయన దగ్గరే ఉండిపోతుంది. ఒక్కటి కొన్నవాడు ఆ బొమ్మను ఎప్పుడు చూస్తాడు?

చివరికి లెక్కలో ఒక్కో గుణానికి ఒక బరువు, అంటే ఎంపికను అది ఎంత లాగుతుందో చెప్పే అంకె, వస్తుంది. ఉదాహరణకు మింట్ బరువు 0.6, ధరలో పెరిగే ఒక్కో రూపాయి బరువు మైనస్ 0.15 అనుకుంటే, మింట్ విలువ 0.6÷0.15, అంటే 4 రూపాయలు. ఇది సగటు. సగంమందికి 8, సగంమందికి సున్నా అయినా ఇదే 4 వస్తుంది, అందుకే గుంపులను విడదీసే నమూనా వాడాలి.

కార్డు మీద చెప్పింది బంకు దగ్గర నిలుస్తుందా అన్నది వేరే పరీక్ష. మునిసిపాలిటీవాళ్లు ఊడ్చకముందే, చేతి తొడుగులు వేసుకుని, బంకు చుట్టూ పడున్న సిగరెట్టు పీకలు ఏరి, ఫిల్టరు మీది పట్టీని బట్టి రకాలు లెక్కపెడతారు. కార్డులు చెప్పిన వాటాలతో పోల్చి నమూనాను సరిదిద్దుతారు. బీడీకి ఈ పద్ధతి కుదరదు. దానికి ఫిల్టరు లేదు, ఆకు ముక్క కాళ్ల కింద నలిగి దుమ్ములో కలిసిపోతుంది. దానికి రోజుకు ఎన్ని కట్టలు పోతాయో అంగడాయననే అడగాలి.