సెల్లార్‌లో షాపు, రోడ్డు మీద కారు: హైదరాబాద్ పార్కింగ్ గొడవ వెనుక కథ

సాయంత్రం వేళ అమీర్‌పేటలో ఫుట్‌పాత్ మీద నడవడం కష్టం. బైకుల వరుస, దాని పక్కన టిఫిన్ బండి, ఆ పక్కనే కారు. పిల్లలతో వచ్చినవాళ్లు కూడా బస్సుల మధ్యకు దిగాల్సిందే. బండి అడ్డంగా పెట్టినవాడిని తిట్టుకుంటాం. అతను వచ్చిన షాపుకు పార్కింగ్ ఎందుకు లేదన్నది మాత్రం పాత కథ.

1908 మూసీ వరదల తర్వాత, 1912లో నిజాం ప్రభుత్వం సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డును ఏర్పాటు చేసింది. ఆ బోర్డు పత్తర్‌గట్టిలో రాతి కమానుల వెనుక షాపులు, పైన నివాసాలు కట్టించింది. కమానుల కింద నీడలో జనం నడిచే దారి ఉంది. ఇల్లు, అంగడి, నడిచే మనిషి ముగ్గురినీ కలిపి ఆలోచించిన పని అది. చూసినప్పుడల్లా నాకు ముచ్చటేస్తుంది.

తర్వాతి కాలంలో జోనింగ్, అంటే ఎక్కడ ఇళ్లు, ఎక్కడ వ్యాపారం అని ముందే విడదీసే పద్ధతి వచ్చింది. 1975లో హుడా (హైదరాబాద్ పట్టణాభివృద్ధి సంస్థ) ఏర్పడింది, 1981లో జోనింగ్ నిబంధనలు తెచ్చింది. మ్యాపులో ఇళ్లకు ఒక రంగు, వ్యాపారానికి ఒక రంగు. నేల మీద ఆ రంగులు నిలవలేదు. బంజారాహిల్స్, జూబ్లీహిల్స్ బంగళాలు ఒక్కొక్కటే షోరూమ్‌లు, హోటళ్లు అయ్యాయి. 2007 ఏప్రిల్‌లో 12 మున్సిపాలిటీలు, 8 గ్రామ పంచాయతీలను కలుపుకొని జీహెచ్ఎంసీ పుట్టింది. అదే ఏడాది ప్రభుత్వం నగరంలో కొన్ని రోడ్లను కమర్షియల్ రోడ్లుగా ప్రకటించి, అక్కడ వ్యాపారానికి అనుమతిస్తూ ఇంపాక్ట్ ఫీజు కట్టించుకుంది. అప్పటికే జరిగిపోయిన మార్పుకు ముద్ర వేసినట్టయింది. ఫీజు ఖజానాకు చేరింది, షాపులకు వచ్చినవాళ్ల బండ్లు మాత్రం ఆ పాత రోడ్డు మీదే ఆగాయి.

నిబంధనలు లేక కాదు. 2006 నాటి జీవో 86, ఆ తర్వాత 2012 నాటి జీవో 168 భవనంలోనే పార్కింగ్ చూపాలన్నాయి. చిన్న కట్టడాలు మినహా మిగతావాటికి, ప్లాన్ మీరకుండా హామీగా పది శాతం నిర్మిత స్థలాన్ని మున్సిపాలిటీకి తనఖా పెట్టాలి. తనిఖీ చేసి, ప్లాన్ ప్రకారమే కట్టారని మున్సిపాలిటీ ఇచ్చే ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ చేతికొస్తే తనఖా విడిపోతుంది. నా దృష్టిలో అసలు పట్టు సడలేది ఇక్కడే. తనిఖీ రోజు ఖాళీగా ఉన్న సెల్లార్‌లో తర్వాత గోడలు లేస్తాయి. మందుల షాపో, జిరాక్స్ సెంటరో, గోదామో వెలుస్తుంది. దీనికి తోడు, ప్లాన్ మీరి కట్టినవాటిని డబ్బు తీసుకుని క్రమబద్ధీకరించడానికి 2007 చివర బీపీఎస్ (బిల్డింగ్ పీనలైజేషన్ స్కీమ్), 2015లో బీఆర్ఎస్ (బిల్డింగ్ రెగ్యులరైజేషన్ స్కీమ్) వచ్చాయి. రూల్ ప్రకారం చోటు వదిలి కట్టినవాళ్లకు ఎంత కడుపుమంటగా ఉంటుంది!

పార్కింగ్ ఉన్న చోట్ల ఇంకో బాధ ఉండేది. మాల్స్, మల్టీప్లెక్సుల్లో అడుగుపెడితే చాలు, ఫీజు. 2018 మార్చిలో తెలంగాణ ప్రభుత్వం జీవో 63 ఇచ్చింది: మొదటి అరగంట ఎవరికైనా ఉచితం; గంటలోపు అయితే ఏదైనా కొన్న బిల్లు చూపాలి; గంట దాటితే బిల్లు గానీ సినిమా టికెట్ గానీ పార్కింగ్ ఫీజు కంటే ఎక్కువ ఉండాలి. 2021 జులైలో సింగిల్ స్క్రీన్ థియేటర్లకు మాత్రం ఫీజు వసూలుకు అనుమతి దొరికింది.

రోడ్డు సంగతి పోలీసుల మీద పడింది. 2022 అక్టోబరులో ట్రాఫిక్ పోలీసులు రోడ్ల మీది అడ్డంకులను తొలగించే ఆపరేషన్ రోప్ మొదలుపెట్టారు. అడ్డంగా పెట్టిన బండ్లతో పాటు ఫుట్‌పాత్ ఆక్రమణల మీద కూడా చర్య అన్నారు. ఇలాంటప్పుడు తోపుడుబండ్లవాళ్లకు గుబులు పట్టుకుంటుంది. 2014 వీధి వ్యాపారుల చట్టం ప్రకారం సర్వే పూర్తయ్యేదాకా వాళ్లను ఖాళీ చేయించకూడదు. ఎక్కడ అమ్ముకోవాలో చెప్పే టౌన్ వెండింగ్ కమిటీలో కనీసం 40 శాతం మంది వాళ్లే ఉండాలి. అయినా తోపుడుబండిని పక్కకు నెట్టడానికి ఒక్క కానిస్టేబుల్ చాలు. దాని వెనుక బిల్డింగులో సెల్లార్ గోడ పడగొట్టాలంటే టౌన్ ప్లానింగ్ విభాగం నోటీసు ఇవ్వాలి, జవాబు కోసం ఆగాలి, యజమాని కోర్టుకెళ్తే స్టే తొలగేదాకా చూడాలి.