"రెండు డిస్కులున్నయి కదన్నా, ఇంకేం పరేషాన్?" – సొంత సర్వర్‌లో ఫోటోలు: అపోహలు, వాస్తవాలు

"అన్నా, సైట్‌ల ఫోటోలు కనిపిస్తలేవు." ఫోన్ ఎత్తగానే ఈ మాట వినబడితే నేను అడిగే మొదటి ప్రశ్న బ్యాకప్ ఎక్కడుంది అని. దాదాపు ప్రతిసారీ వచ్చే జవాబు పైన టైటిల్‌లో ఉంది.

నేను హైదరాబాద్‌లో చిన్న వ్యాపారాలకు సర్వర్లు పెట్టే పని చేస్తాను. ఫోటో స్టూడియోలు, ఫంక్షన్ హాళ్ళు, రెండు మూడు స్కూళ్ళు. పెళ్ళికి వచ్చినవాళ్ళు ఎంట్రన్స్ దగ్గర క్యూఆర్ కోడ్ స్కాన్ చేసి తమ ఫోన్లో తీసిన ఫోటోలు, వీడియోలు ఎక్కిస్తారు, పెళ్ళివాళ్ళు అన్నీ ఒకేచోట చూసుకుంటారు, ఇప్పుడు అందరికీ కావలసింది ఇదే. 2021 జూన్ 1 నుంచి గూగుల్ ఫోటోస్‌లో ఉచిత అపరిమిత స్టోరేజ్ ఆగిపోయాక "మనదే ఒక సర్వర్ పెట్టుకుందాం" అని నా దగ్గరకు వచ్చేవాళ్ళు పెరిగారు. డాకర్ (యాప్‌ని కావలసినవాటితో కలిపి ఒక డబ్బాలో నడిపే సాఫ్ట్‌వేర్, ఆ డబ్బానే కంటైనర్ అంటారు) పుణ్యమా అని ఇమ్మిచ్, నెక్స్ట్‌క్లౌడ్ లాంటి ఫోటోలు, ఫైళ్ళు దాచే యాప్‌లు వేసుకోవడం ఒక ఆదివారం మధ్యాహ్నం పని. అందులో తప్పులు చేస్తే ఆ సాయంత్రమే బయటపడతాయి, దిద్దుకోవచ్చు. నా గొడవంతా రెండేళ్ళకు గానీ బయటపడని తప్పు గురించి.

అపోహ: రెండు డిస్కులు రెయిడ్‌లో ఉన్నాయి, కాబట్టి బ్యాకప్ ఉన్నట్టే.

వాస్తవం: లేనట్టే. రెయిడ్ అంటే డిస్కులను జతకట్టి ఒకటిగా నడపడం, అందులో రెయిడ్ 1 అంటే అద్దం, ఒకదాంట్లో రాసింది రెండోదాంట్లోనూ పడుతుంది. ఒక డిస్కు చచ్చిపోతే రెండోది పని నడిపిస్తుంది, సైట్ ఆగదు, అంతవరకే దాని ఉద్యోగం. మీరు ఒక ఫోల్డర్ డిలీట్ చేస్తే అద్దంలో కూడా అదే క్షణం డిలీట్ అవుతుంది. రాన్సమ్‌వేర్ (డబ్బు కోసం ఫైళ్ళకు తాళం వేసే వైరస్) వచ్చి ఫైళ్ళు ఎన్‌క్రిప్ట్ చేసినా అంతే, రెండు డిస్కుల్లోనూ ఒకేసారి. కారుకి స్టెప్నీ ఉంటే పంక్చర్ అయినప్పుడు ఆదుకుంటుంది, కారే ఎవడో ఎత్తుకుపోతే డిక్కీలో ఉన్న స్టెప్నీ కూడా దాంతోనే పోతుంది కదా.

దిల్‌సుఖ్‌నగర్ వైపు ఒక స్టూడియో. ఓనర్ మంచి మనిషి, జాగ్రత్తపరుడు కూడా. సికింద్రాబాద్‌లో కంప్యూటర్ షాపులుండే సీటీసీకి వెళ్ళి చిన్న పీసీ, రెండు 4 టెరాబైట్ల డిస్కులు కొనుక్కుని, ఎవరి చేతో రెయిడ్ పెట్టించుకున్నాడు. ఒకరోజు డిస్కు నిండిపోయిందని మెసేజ్ వస్తే స్టూడియోలో పనిచేసే అబ్బాయి "అర్థం పర్థం లేని పేర్లతో పెద్ద ఫోల్డర్లున్నయి, చెత్త అనుకుంట" అని తీసేశాడు. ఆ అబ్బాయిని తిట్టి లాభం లేదు. ఇలాంటి యాప్‌లు కొన్ని ఫైళ్ళను అక్షరాలు, అంకెలు కలగలిసిన పొడుగాటి పేర్లతోనే దాచుకుంటాయి, తెలియనివాడికి అది చెత్తలాగే కనిపిస్తుంది. అతను చెత్త అనుకున్నది 11 పెళ్ళిళ్ళు.

స్టూడియో వాళ్ళు తీసిన ఫోటోలు వేరే హార్డ్‌డిస్కుల్లో ఉన్నాయి, వాటికేం కాలేదు. పోయినవి అతిథులు ఎక్కించినవి. నాయనమ్మ అక్షింతలు వేస్తూ ఏడ్చిన 20 సెకన్ల వీడియో ఎవరో మేనత్త ఫోన్లో తీసింది, సైట్‌లో ఎక్కించాక "ఉంది కదా" అని ఆమె ఫోన్లో తీసేసింది. అలాంటివి.

ఓనర్ నాతో అన్న మాట: "రోజూ బ్యాకప్ నా మెయిల్‌కే వస్తది అన్నా, చూడండి." చూశాను. నిజంగానే రోజూ వస్తోంది, రెండేళ్ళుగా, ఒక్కరోజు తప్పకుండా. అది డేటాబేస్ డంప్, అంటే యాప్ రాసుకునే వివరాల పట్టికల కాపీ. అందులో ప్రతి ఫోటో పేరు, తేదీ, ఎవరు ఎక్కించారు, ఏ ఫోల్డర్‌లో ఉంది అన్నీ ఉన్నాయి, ఫోటో ఒక్కటీ లేదు. మీడియా యాప్‌లలో డేటాబేస్ అంటే లైబ్రరీ రిజిస్టర్ లాంటిది, పుస్తకాలు వేరే గదిలో ఉంటాయి. రిజిస్టర్‌ని రోజూ జిరాక్స్ తీసుకుంటూ పుస్తకాల గదికి తాళం వేయలేదు పాపం. తిరగేసినా చిక్కే: ఫోటోల ఫోల్డర్ ఒక్కటే దాచి డేటాబేస్ పోగొట్టుకుంటే లక్ష ఫైళ్ళు మిగులుతాయి, ఏ పెళ్ళి ఎవరిదో తేలదు.

కొంత తిరిగొచ్చింది. కానీ డిలీట్ చేసిన తర్వాత మూడు రోజులు సర్వర్ అలాగే నడిచింది, కొత్త ఫోటోలు పాతవాటి చోట కూర్చున్నాయి. మీకిప్పుడే ఇలా జరిగి కంగారులో ఇది చదువుతుంటే, ముందు మెషీన్ ఆపేయండి. రికవరీ సాఫ్ట్‌వేర్ అదే డిస్కు మీద ఇన్‌స్టాల్ చేయకండి, డిస్కు తీసి వేరే మెషీన్‌కి పెట్టి, పూర్తి కాపీ ఒకటి తీసుకుని ఆ కాపీ మీద ప్రయత్నించండి. తిరిగే డిస్కు అయితే ఆశ ఉంటుంది, ఎస్ఎస్‌డీ అయితే ట్రిమ్ (డిలీట్ చేసిన చోటును డిస్కే తుడిచేసే ఏర్పాటు) వల్ల తక్కువ. మీ తప్పు అని మిమ్మల్ని మీరు తిట్టుకునే పని తర్వాత చూసుకోవచ్చు. 2017 జనవరి 31న గిట్‌ల్యాబ్ (ప్రోగ్రామర్ల కోడ్ దాచే కంపెనీ) ఇంజినీరే ఒక సర్వర్ అనుకుని ఇంకో సర్వర్‌లో డేటాబేస్ ఫోల్డర్ తీసేశాడు. తీరా చూస్తే వాళ్ళు పెట్టుకున్న ఐదు రకాల బ్యాకప్, రెప్లికేషన్ (ఇంకో సర్వర్‌లో నకలు ఉంచడం) ఏర్పాట్లలో ఏదీ సరిగా పనిచేయడం లేదు. అదృష్టం కొద్దీ ఆరు గంటల ముందు తీసిన ఒక స్నాప్‌షాట్ (ఆ క్షణంలో డేటా ఎలా ఉందో దాని కాపీ) ఉండి గట్టెక్కారు. ఆ సంగతంతా వాళ్ళే బయటపెట్టి రాశారు.

"మరి నేను రోజూ రాత్రి ఆర్‌సింక్‌తో వేరే మెషీన్‌కి పంపిస్తున్నా కదా" అంటారు కొందరు, కాస్త గర్వంగా. ఆర్‌సింక్ అంటే ఒక ఫోల్డర్‌ని ఇంకోచోటికి కాపీ చేసే టూల్. దానికి డిలీట్ ఆప్షన్ (ఇక్కడ లేనిది అక్కడా తీసేయమనేది) పెట్టారా? పెడితే అది ఆలస్యంగా కనిపించే అద్దం, అంతే. ఈ రాత్రి ఇక్కడ పోయింది, రేపు పొద్దునకు అక్కడా పోతుంది. బ్యాకప్ అనాలంటే మొన్నటి స్థితికి, పోయిన నెల స్థితికి వెనక్కి వెళ్ళగలగాలి. రెస్టిక్, బోర్గ్ అనే బ్యాకప్ టూల్స్ చేసే పని అదే, మారినవి మాత్రమే దాస్తాయి కాబట్టి స్థలం కూడా మరీ తినవు. వాటి పాస్‌వర్డ్ మాత్రం కాగితం మీద రాసి బీరువాలో పెట్టండి, అది పోతే బ్యాకప్ ఉన్నా లేనట్టే, తెరిచే దారి ఇంకొకటి లేదు. సర్వర్ ఆపే వీలు లేకపోతే ముందు డేటాబేస్ డంప్ తీసి, ఆ తర్వాత ఫైళ్ళు కాపీ చేయండి. అప్పుడు మధ్యలో ఎక్కిన ఒకటి రెండు ఫోటోలు రిజిస్టర్‌లో లేకుండా మిగులుతాయి, పరవాలేదు. తిరగేసి చేస్తే రిజిస్టర్‌లో పేరుండి ఫోటో ఉండదు. కంపోజ్ ఫైలు, ఎన్వ్ ఫైలు (డాకర్ యాప్ సెటింగ్స్ ఉండేవి) కూడా కలిపి దాచుకోండి.

3-2-1 అనే సూత్రం వినే ఉంటారు, మూడు కాపీలు, రెండు రకాల మీడియా, ఒకటి వేరే చోట. దాన్ని జనంలోకి తెచ్చింది పీటర్ క్రోగ్ అనే ఫోటోగ్రాఫర్, అందుకే స్టూడియో వాళ్ళకి నేను ఇది మీవాడు చెప్పిందే అని చెబుతుంటాను. అందులో అందరూ ఎగ్గొట్టేది మూడోది. సర్వరూ, బ్యాకప్ డిస్కూ ఒకే టేబుల్ మీద, ఆ టేబుల్ సెల్లార్‌లో. 2020 అక్టోబర్ వానలకి ఈ ఊళ్ళో ఎన్ని సెల్లార్లు మునిగాయో మనందరం చూశాం. క్లౌడ్‌కి పంపితే మంచిదే, కాకపోతే 50 ఎంబీపీఎస్ అప్‌లోడ్ లైన్‌లో ఒక టెరాబైట్ ఎక్కడానికి దాదాపు రెండు రోజులు పడుతుంది, అదీ మధ్యలో కరెంట్ పోకపోతే. నా సొంత ఫోటోల సంగతి చెప్పాలంటే, రెండు పోర్టబుల్ డిస్కులు, ఒకటి ఎప్పుడూ కూకట్‌పల్లిలో మా బావమరిది ఇంట్లో ఉంటుంది, నెలకోసారి వెళ్ళి మార్చుకొస్తాను. మా ఆవిడ దీన్ని డిస్కు పేరు చెప్పి బిర్యానీకి వెళ్ళడం అంటుంది.

ఇంకొక్కటి, రీస్టోర్ చేసి చూడని బ్యాకప్‌ని నేను నమ్మను. నెలకోసారి ఏదో ఒక పాత ఫోటోని బ్యాకప్ నుంచి వెనక్కి తెచ్చి తెరిచి చూడండి, పది నిమిషాల పని. ఆ దిల్‌సుఖ్‌నగర్ ఓనర్ ఇప్పుడు ప్రతి నెలా అలా తీసిన ఫోటో ఒకటి నాకు పంపుతాడు. కిందటి నెల ఎవరో పెళ్ళికొడుకు బూట్లు.

మిగతా అపోహలు గబగబా చెప్పేస్తాను.

అపోహ: డాకర్‌లో ఉంది, అప్‌డేట్ చేస్తే ఏం కాదు. అప్‌డేట్ అంటే పాత కంటైనర్ తీసేసి కొత్తది పెట్టడమే. కంటైనర్ లోపల రాసింది కంటైనర్ తీసేస్తే పోతుంది, బయటి ఫోల్డర్‌కో వాల్యూమ్‌కో (డాకర్ డేటా దాచే చోటు) మౌంట్ చేస్తేనే, అంటే కలిపితేనే మిగులుతుంది. మౌంట్ చేసినవాళ్ళు కూడా ఎవరో వీడియోలో చెప్పారని కంపోజ్ డౌన్‌కి (యాప్‌ని ఆపే కమాండ్) మైనస్ వీ తగిలించి కొడతారు, ఆ వీ నేమ్డ్ వాల్యూమ్‌లను తుడిచిపెట్టడానికే. కాపీ కొట్టే ముందు కమాండ్ చదవండి బాబూ.

అపోహ: వీడియో ఎక్కట్లేదంటే సర్వర్ సరిపోవట్లేదు. ఒకాయన ర్యామ్ 32 జీబీకి పెంచాక నన్ను పిలిచాడు. ఎర్రర్ 413 వస్తోంది, అంటే పంపిన ఫైలు పరిమితి దాటింది. ఎన్‌జిన్‌ఎక్స్ అనే వెబ్ సర్వర్‌లో బాడీ సైజ్ (ఒకసారి పంపగల డేటా) డిఫాల్ట్ 1 ఎంబీ, అది ఒక్క లైన్లో మారుతుంది. పీహెచ్‌పీ భాషలో రాసిన యాప్ అయితే ఫైలుకి 2 ఎంబీ, మొత్తం పోస్ట్‌కి 8 ఎంబీ, ఈ రెండూ పెంచాలి. సర్వర్ ముందు క్లౌడ్‌ఫ్లేర్ (ట్రాఫిక్‌ని మధ్యలో నిలిచి అందించే సర్వీస్) ఉచిత ప్లాన్ పెట్టుకుంటే ఒక రిక్వెస్ట్‌కి 100 ఎంబీ దాటనివ్వదు, ఫోన్లో తీసిన నిమిషం 4కె వీడియోనే అంతకంటే ఎక్కువ. ముక్కలుగా అప్‌లోడ్ చేసే యాప్ చూసుకోండి. ర్యామ్ డబ్బులు ఎటూ వెనక్కి రావు.

అపోహ: జేపీజీ మాత్రమే ఒప్పుకుంటున్నాం కాబట్టి సేఫ్. పేరు చివర జేపీజీ అని ఎవడైనా పెట్టొచ్చు, బ్రౌజర్ చెప్పే ఫైలు రకం కూడా అబద్ధం కావచ్చు. లోపలి బైట్లు చూడాలి, పేరు మీరే కొత్తది పెట్టాలి, అప్‌లోడ్ ఫోల్డర్‌లో ఏ స్క్రిప్టూ నడవకుండా ఆపాలి. ఎస్‌వీజీ బొమ్మే కానీ లోపల స్క్రిప్ట్ ఉండొచ్చు. 2016లో ఇమేజ్‌మ్యాజిక్ అనే బొమ్మలు మార్చే లైబ్రరీలో లోపంతో ఒక్క బొమ్మ ఎక్కించి సర్వర్ మీద కమాండ్లు నడిపే వీలు దొరికింది, కాబట్టి థంబ్‌నెయిల్ చేసే లైబ్రరీని కూడా అప్‌డేట్ చేస్తూ ఉండండి.

అపోహ: లింక్ ఎవరికీ చెప్పలేదు, ఎవరొస్తారు? లెట్స్ ఎన్‌క్రిప్ట్ నుంచి హెచ్‌టీటీపీఎస్ సర్టిఫికెట్ తీసుకున్న క్షణంలో ఆ సబ్‌డొమైన్ పేరు పబ్లిక్ ట్రాన్స్‌పరెన్సీ లాగ్‌లో (ఎవరైనా చూడగల సర్టిఫికెట్ల పట్టిక) పడుతుంది, బాట్లు అక్కడ కాచుకునే ఉంటాయి. పైగా యూఎఫ్‌డబ్ల్యూ ఫైర్‌వాల్ పెట్టాం అని ధీమాగా ఉంటారు, డాకర్ పబ్లిష్ చేసిన పోర్టులు దాన్ని పట్టించుకోవు. డేటాబేస్ పోర్టు బయటికి తెరవకండి.

అపోహ: రౌటర్‌లో పోర్ట్ ఫార్వర్డ్ చేస్తే ఇంటి సర్వర్ బయటికి కనిపిస్తుంది. రౌటర్ చూపించే వ్యాన్ ఐపీ (ఇంటర్నెట్ కంపెనీ ఇచ్చిన అడ్రస్) 100.64 నుంచి 100.127 మధ్య ఉంటే మీరు సీజీనాట్ (చాలా ఇళ్ళకు ఒకే పబ్లిక్ ఐపీ పంచే ఏర్పాటు) వెనక ఉన్నారు, రాత్రంతా ఫార్వర్డ్ చేసినా రాదు. టన్నెల్ (మీ సర్వరే బయటికి తెరిచే దారి) వాడండి, లేదా పబ్లిక్ ఐపీ అడగండి.

చివరిది నన్ను ఒక స్కూల్లో ఒక తల్లి అడిగింది, పిల్లల ఫోటోలు సైట్‌లో పెడితే మా ఇల్లు ఎక్కడో తెలుస్తుందా అని. పక్కనే ఉన్న సార్ నవ్వాడు. నవ్వాల్సిందేమీ లేదు. ఫోన్లో లొకేషన్ ఆన్ ఉంటే ఎగ్జిఫ్‌లో (ఫోటో ఫైలులోనే దాగి ఉండే వివరాలు) అక్షాంశ రేఖాంశాలతో సహా పడుతుంది, ఒరిజినల్ డౌన్‌లోడ్ చేసినవాళ్ళెవరైనా చూడొచ్చు. బయటికి ఇచ్చే కాపీలో అది తీసేసేలా యాప్‌లో పెట్టించాం, ఐఫోన్ హెచ్ఈఐసీ ఫైళ్ళను జేపీజీగా మార్చే పని కూడా అక్కడే కలిపేశాం, ఎందుకంటే క్రోమ్‌లో అవి తెరుచుకోవు. ఆ స్కూల్‌కి బ్యాకప్ డిస్కు ఇంకా ప్రిన్సిపాల్ గదిలోనే ఉంది, సర్వర్ పక్కనే. సోమవారం వెళ్ళినప్పుడు తీయించాలి.