బీరుకు వెలుగుదెబ్బ

పోయిన నెల మా బాబాయి కొడుకు హైదరాబాదు నుంచి డాలస్ వచ్చి మా ఇంట్లో పది రోజులున్నాడు. ఒక శనివారం మధ్యాహ్నం పెరట్లో చికెన్ కాలుస్తుంటే అడిగాడు: "అన్నయ్యా, టిన్‌లో బీరు బానే ఉంది, ఈ తెల్ల సీసాలోదేంటి, గ్యాస్ లీకైనట్టు వాసనొస్తోంది? రెండూ ఒకటే బ్రాండు కదా, కల్తీదా?" ఇక్కడ చవగ్గా దొరికే, లాగర్ అనే రకం మెక్సికన్ బీరు అది. ఆ సీసా అప్పటికే గంట నుంచి బల్ల మీద ఎండలో ఉంది.

కల్తీ కాదు. కానీ వాడి ముక్కుకి దండం పెట్టాలి, ఎందుకంటే తెలియకుండానే సరైన రసాయన కుటుంబం పేరు చెప్పాడు. వంటగ్యాసుకి సొంత వాసన ఉండదు, లీకైతే మనకు తెలియాలని అందులో ఇథైల్ మెర్కాప్టన్ కలుపుతారు. ఎండలో పెట్టిన బీరులో పుట్టేది దానికి దాయాది లాంటిది, పేరు 3-మిథైల్-2-బ్యూటీన్-1-థయోల్. రెండిట్లోనూ చివర గంధకం, దానికి తగులుకుని ఒక హైడ్రోజన్, ఈ కుటుంబాన్నే థయోల్ అంటారు. అమెరికా వాళ్లు దీన్ని స్కంక్ వాసన అంటారు. స్కంక్‌ను కొందరు పునుగుపిల్లి అని అనువదిస్తారు గానీ రెండూ వేరు, పునుగు మనం పరిమళంగా వాడుకున్న వస్తువు. రాత్రిపూట ఇక్కడి హైవే మీద కారులో వెళ్తున్నప్పుడు ఒక్కసారి గుప్పుమంటే స్కంక్ వాసన ఏమిటో జన్మలో మర్చిపోరు. గంజాయిలోని స్కంక్ వాసనకి కూడా ముఖ్య కారణం ఇదే అణువని 2021లో తేల్చారు.

ఇది ఎలా పుడుతుందనేది నాకు ఎన్నిసార్లు చెప్పినా తనివి తీరని కథ. బార్లీని మొలకెత్తించడం, పులియబెట్టడం అంతా వదిలేసి సూటిగా రైబోఫ్లేవిన్ దగ్గరికి వస్తాను. బి2 విటమిన్. దీని లోపం వల్ల నోటి మూలలు పగులుతాయని బడిలో బట్టీ పట్టాం, రెండు మార్కులు తెచ్చుకున్నాం, కానీ పేరులోని 'ఫ్లేవిన్' లాటిన్‌లో పసుపు నుంచి వచ్చిందని ఏ మాస్టారూ చెప్పలేదు, అసలు విషయమంతా ఆ రంగులోనే ఉంది. బి-కాంప్లెక్స్ మాత్ర వేసుకున్న రోజు మూత్రం పచ్చగా వస్తే కామెర్లేమోనని టెన్షన్ పడతామే, ఆ పచ్చదనం రైబోఫ్లేవిన్‌దే. ఒక వస్తువు పసుపుగా కనబడుతోందంటే తెల్లని వెలుగులో నుంచి నీలాన్ని అది మింగేస్తోందన్నమాట. రైబోఫ్లేవిన్ ముఖ్యంగా 445 నానోమీటర్ల దగ్గరి నీలాన్ని మింగుతుంది. మింగిన శక్తి ఊరికే పోదు కదా!

బీరులో ఈ విటమిన్ లీటరుకి ఒక మిల్లీగ్రాము కూడా ఉండదు. నీలి వెలుగు తగలగానే అది ట్రిప్లెట్ అనే ఉద్రిక్త స్థితికి వెళ్లి, పక్కవాళ్ల దగ్గర ఎలక్ట్రాన్ లాక్కోవడానికి సిద్ధంగా ఉంటుంది. పక్కన ఎవరున్నారు? హాప్స్ అనే పూలను మరిగించినప్పుడు వచ్చిన ఐసో-ఆల్ఫా ఆమ్లాలు, బీరు చేదంతా వీటిదే. ఎలక్ట్రాన్ పోగొట్టుకున్న ఐసో-ఆల్ఫా ఆమ్లం నిలకడ తప్పి, పక్క గొలుసు తెంపుకుంటుంది. తెగిన ముక్క కార్బన్ మోనాక్సైడ్‌ను వదిలేసి అయిదు కార్బన్ల రాడికల్‌గా, అంటే జతలేని ఎలక్ట్రాన్‌తో జంట కోసం వెతికే ముక్కగా, మిగులుతుంది, అది బీరులోని అమైనో ఆమ్లాల నుంచి వచ్చిన గంధకాన్ని పట్టుకుంటుంది. అంతే, థయోల్ తయారు. వెలుగు తగిలితే బీరు కంపు కొడుతుందని జర్మనీలో బీరు తయారీపై పరిశోధించిన కార్ల్ లింట్నర్ 1875లోనే రాశాడు. ఆ తెగిన ముక్కల వివరాలను 2001లో నార్త్ కరోలినాలో మాల్కమ్ ఫోర్బ్స్, బెల్జియంలోని ఘెంట్‌లో డెనిస్ డి క్యుకెలేర్ పరిశోధక బృందాలు బయటపెట్టాయి.

ఎంత ఉంటే ముక్కుకి తెలుస్తుంది? లీటరుకి నాలుగు నానోగ్రాములు అనుకుందాం. ఒలింపిక్ ఈతకొలనులో 25 లక్షల లీటర్ల నీళ్లు పడతాయి, అంటే కొలను మొత్తానికి 10 మిల్లీగ్రాములు, బియ్యపు గింజలో సుమారు సగం. అందుకే ఎంత తక్కువ చేదున్న లాగరైనా తప్పించుకోలేదు.

కాబట్టి చవక లాగర్‌ను రుచి చూసి తీర్పు చెప్పే ముందు సీసా రంగు చూడండి. గోధుమ రంగు గాజు 500 నానోమీటర్ల లోపు వెలుగును దాదాపుగా ఆపేస్తుంది, విటమిన్ టానిక్ సీసాలు ఆ రంగులో ఉండేది కూడా మందును వెలుగు నుంచి కాపాడటానికే. పసిఫికో ఆ గాజులో వస్తుంది. డోస్ ఎకీస్ లాగర్ ఆకుపచ్చ సీసాలో వస్తుంది, ఆ గాజు నీలాన్ని చాలావరకు వదిలేస్తుంది. కరోనా, సోల్ తెల్ల సీసాలు, తెల్ల గాజు నీలాన్ని దాదాపు ఆపదు. టిన్ సంగతి చెప్పేదేముంది, లోపల చీకటే. ఐసో-ఆల్ఫా ఆమ్లాలకు హైడ్రోజన్ కలిపి, ఆ ముక్క తెగినా థయోల్ పుట్టకుండా చేసిన హాప్ సారం కూడా ఉంది, దాంతో చేసిన బీరు తెల్ల సీసాలో పెట్టినా పరవాలేదు.

సీసా మూతిలో నిమ్మచెక్క కుక్కితే దోషం పోతుందని కొందరి నమ్మకం. పోదు. నిమ్మతొక్క నూనె వాసన ముందుకొస్తుంది, థయోల్ ఉన్నచోటే ఉంటుంది. ఉడికించిన మొక్కజొన్న వాసన వస్తే "ఇందులో మొక్కజొన్న పోశారు కదా" అంటారు, నిజానికి ఆ వాసనకి కారణమైన డైమిథైల్ సల్ఫైడ్ మాల్ట్ నుంచి, అంటే మొలకెత్తించిన బార్లీ నుంచి, వస్తుంది. ఇంకో మాట, చల్లబెట్టిన బీరు వెచ్చబడి మళ్లీ చల్లబడితే ఈ స్కంక్ కంపు వస్తుందని. మా తమ్ముడూ అదే పట్టుకున్నాడు: "ఎండదెబ్బ అన్నయ్యా, వేడికి పాడైంది." వేడికి పాతబడిన బీరుకి తడిసిన అట్టపెట్టె వాసన వస్తుంది, అది వేరే రసాయనం. కానీ మాటలతో వాడు ఒప్పుకోలేదు.

మర్నాడు మూసి ఉన్న అట్టపెట్టెలో నుంచి మూడు తెల్ల సీసాలు తీశాం. రెండింటిని పక్కపక్కనే ఎండలో పెట్టాం, ఒకటి ఉత్తగా, ఇంకోటి ముదురు పసుపు ప్లాస్టిక్ కాగితం నాలుగు చుట్లు చుట్టి. పసుపు కాగితం కూడా నీలాన్ని మింగుతుంది కదా, పైగా రెండు సీసాలకూ తగిలే ఎండ ఒకటే. మూడోది అల్యూమినియం రేకు చుట్టి ఇంట్లో ఉంచాం. గంటన్నర తర్వాత మూడూ ఫ్రిజ్‌లో పెట్టి ఒకే చల్లదనానికి తెచ్చాం. మా ఆవిడ వంటింట్లో గ్లాసుల్లో పోసి తెచ్చింది, ప్రతిసారీ మూడు గ్లాసులు, రెండిట్లో ఒకటే బీరు, ఒకదాంట్లో వేరేది, ఆ వేరేది ఏదో చెప్పాలి. గుడ్డిగా చెప్పినా మూడింట ఒకసారి తగులుతుంది, నాలుగుసార్లు వరసగా తగలడానికి మాత్రం 81లో ఒక్క అవకాశమే. ఉత్త సీసాకీ రేకు సీసాకీ మా తమ్ముడు నాలుగుకి నాలుగూ చెప్పాడు, మూడోసారైతే గ్లాసు ముక్కు దాకా రాకముందే. పసుపు సీసాకీ రేకు సీసాకీ పెట్టినప్పుడు నాలుగిట్లో ఒకటే చెప్పాడు.

రేకు సీసాలోది చివర్లో నిదానంగా తాగాం. ముందు లేత తీపి, కొంచెం తెల్ల బ్రెడ్డు వాసన, చేదు నాలుక చివర్న ఇలా తగిలి అలా పోతుంది, నురుగు రెండు నిమిషాల్లో పడిపోతుంది. ఆ ధరకి శుభ్రమైన బీరు.