కంచె పక్కన మైదానం: లింకన్ రెడ్ ఇంప్స్ వెనక కథ

విక్టోరియా స్టేడియం ప్రహరీని ఆనుకొని విమానాల రన్‌వే ఉంటుంది. రన్‌వే దాటితే సరిహద్దు కంచె, కంచె అవతల స్పెయిన్‌లోని లా లినేయా పట్టణం. ఇవతలిది జిబ్రాల్టర్. మొత్తం కలిపి ఏడు చదరపు కిలోమీటర్లు కూడా లేని బ్రిటిష్ నేల. అందులో పెద్ద భాగాన్ని 426 మీటర్ల ఎత్తున్న సున్నపురాతి కొండ మింగేసింది. మిగిలిన చోట ముప్ఫై వేల పైచిలుకు జనం సర్దుకొని బతుకుతున్నారు. చాలా ఏళ్లపాటు అక్కడి లీగ్ జట్లన్నిటికీ దిక్కు ఆ ఒక్క మైదానమే. సొంత గడ్డ, పరాయి గడ్డ అనే మాటకు అక్కడ అర్థమే లేదు. ఎవరు ఎవరితో ఆడినా అదే కృత్రిమ పచ్చిక, అదే గ్యాలరీ, వెనక అదే కొండ.

2016 జులై 12న ఆ మైదానానికి, జిబ్రాల్టర్ క్లబ్బు లింకన్ రెడ్ ఇంప్స్‌తో ఆడటానికి, స్కాట్లండ్ నుంచి సెల్టిక్ వచ్చింది. 1967లో యూరోపియన్ కప్ గెలిచిన క్లబ్బు అది. బ్రెండన్ రోజర్స్ కోచ్‌గా వచ్చాక ఆడుతున్న మొదటి అసలు పోటీ. రెండో సగం మొదలైన కాసేపటికే, 48వ నిమిషంలో, లింకన్ ఆటగాడు లీ కాషారో బంతి అందుకొని ముందుకు దూసుకెళ్లాడు. అడ్డొచ్చిన డిఫెండర్ ఎఫె ఆంబ్రోస్‌ను తప్పించి, ఎడమకాలితో నేలబారుగా కొట్టాడు. గోల్‌కీపర్ క్రెయిగ్ గోర్డన్‌కు అందకుండా బంతి లోపలికి వెళ్లింది. చివరికి లింకన్ రెడ్ ఇంప్స్ 1, సెల్టిక్ 0. అప్పటికి కాషారో వయసు 34. చేసేది పోలీసు ఉద్యోగం, అక్కడి బ్రిటిష్ రక్షణ శాఖ ఆస్తులకు కాపలా కాసే దళంలో. అదే జట్టులోని రాయ్ చిపొలీనా కస్టమ్స్ ఉద్యోగి.

మర్నాడు పత్రికలన్నీ పోలీసు, కస్టమ్స్ ఉద్యోగి కలిసి సెల్టిక్‌ను ఓడించిన వింతనే రాశాయి. నాకు మాత్రం అంతకంటే పెద్ద వింత మరొకటి కనిపిస్తుంది. ఈ క్లబ్బుకు యూరప్ పోటీల్లో అడుగుపెట్టే హక్కు వచ్చి అప్పటికి మూడేళ్లే. ఆ హక్కు కోసం అంతకుముందు పదహారేళ్లు నడిచిన తగాదాకు ఫుట్‌బాల్‌తో సంబంధం తక్కువ, మూడు వందల ఏళ్లనాటి ఒక ఒప్పందంతో సంబంధం ఎక్కువ.

1704లో ఇంగ్లిషు, డచ్చి నౌకాదళాలు ఈ కొండను పట్టుకున్నాయి. 1713 నాటి ఉట్రెక్ట్ ఒప్పందంలో స్పెయిన్ దాన్ని బ్రిటన్‌కు రాసిచ్చింది. పేచీ ఎక్కడంటే, ఆ ఒప్పందంలో పట్టణం, కోట, రేవు, వాటి రక్షణ కట్టడాల ప్రస్తావనే ఉంది. కొండను స్పెయిన్ భూభాగంతో కలిపే ఇసుకనేల, అంటే భూసంధి మాట లేదు. దాన్ని మేమెన్నడూ ఇవ్వలేదని స్పెయిన్ ఇప్పటికీ అంటుంది. విమానాశ్రయం ఉన్నది ఆ ఇసుకనేల మీదే. విక్టోరియా స్టేడియం ఉన్నదీ అక్కడే. స్పెయిన్ లెక్క ప్రకారమైతే కాషారో గోలు కొట్టింది స్పెయిన్ నేల మీద అన్నమాట!

ఇక్కడ ఫుట్‌బాల్‌ను నాటింది బ్రిటిష్ సైనికులు, నావికులు. 1895లోనే జిబ్రాల్టర్‌కు సొంత సంఘం ఏర్పడింది. ప్రపంచంలోని పాత ఫుట్‌బాల్ సంఘాల్లో అదొకటి. 1949లో జిబ్రాల్టర్ జట్టు రియల్ మాడ్రిడ్‌తో 2-2తో సమంగా నిలిచింది. ఆ ముచ్చట అక్కడివాళ్లు ఇప్పటికీ చెప్పుకుంటారు. కంచె అవతలి వాళ్లతో ఆడటం అప్పట్లో విడ్డూరమేమీ కాదు.

తర్వాత తలుపు మూతబడింది. బ్రిటన్‌తో ఉంటారా, స్పెయిన్‌తో కలుస్తారా అని 1967లో ప్రజలను అడిగితే, బ్రిటన్ వైపు 12,138 ఓట్లు, స్పెయిన్ వైపు 44 ఓట్లు పడ్డాయి. 1969 జూన్‌లో స్పెయిన్ నియంత ఫ్రాంకో ప్రభుత్వం సరిహద్దును మూసేసింది. ఫోన్ లైన్లు కూడా తెగిపోయాయి. అటూ ఇటూ చెరిసగమైన కుటుంబాలవాళ్లు కంచెకు ఈ పక్కా ఆ పక్కా నిలబడి కేకలు వేసుకుంటూ మాట్లాడుకున్నారు. కొత్తగా పుట్టిన బిడ్డలను చేతులతో పైకెత్తి అవతలి వాళ్లకు చూపించుకున్నారు.

లింకన్ పుట్టింది అలా తాళం పడ్డ ఊళ్లోనే, 1976లో. మొదట అది కుర్రాళ్ల జట్టు. ఆడటానికి వాళ్లలో వాళ్లే ఉన్నారు, కాకపోతే బ్రిటిష్ సైనికుల జట్లు ఉన్నాయి. పేరు ఇంగ్లండ్‌లోని లింకన్ సిటీ క్లబ్బు నుంచి తెచ్చుకున్నారు. ఆ క్లబ్బు ముద్దుపేరు ‘ఇంప్స్’, అంటే చిట్టి దెయ్యాలు. లింకన్ నగరంలోని పెద్ద చర్చిలో స్తంభం మీద ఒక చిట్టి దెయ్యం బొమ్మ చెక్కి ఉంటుంది. చర్చిలో అల్లరి చేస్తుంటే దేవదూత దాన్ని రాయిగా మార్చేశాడని అక్కడి కథ. ఆ దెయ్యమే సముద్రం దాటొచ్చి, ఎర్రరంగు పూసుకొని, జిబ్రాల్టర్ కుర్రాళ్ల చొక్కాల మీద కూర్చుంది.

సరిహద్దు 1982 డిసెంబర్‌లో కాలినడకన వెళ్లేవారికి, 1985 ఫిబ్రవరిలో అందరికీ తెరుచుకుంది. లింకన్ మొదటి లీగ్ టైటిల్ గెలిచిందీ 1985లోనే. ఆ తర్వాత గెలుపు అలవాటైపోయింది. 2003 నుంచి 2016 వరకు వరసగా 14 టైటిళ్లు. నిజం చెప్పాలంటే ఇందులో మురిసిపోయేదానికన్నా విసుగు పుట్టించేదే ఎక్కువ. గెలిచి ఏం చేయాలి? ఐరోపాలో ఎక్కడి చాంపియన్ అయినా మరుసటి ఏడాది ఐరోపా క్లబ్బుల అతిపెద్ద పోటీ చాంపియన్స్ లీగ్‌కో, దాని అర్హత పోటీలకో వెళ్తుంది. జిబ్రాల్టర్ చాంపియన్ మాత్రం ట్రోఫీ అల్మరాలో పెట్టుకొని మళ్లీ అదే మైదానంలో అదే జట్లతో ఆడుకోవాలి.

జిబ్రాల్టర్ సంఘం 1997లో అంతర్జాతీయ సభ్యత్వానికి దరఖాస్తు పెట్టింది. వాళ్ల వాదన సూటిగా ఉంది: డెన్మార్క్ రాజ్యంలో భాగమైన ఫారో దీవులకు 1990లోనే ఐరోపా ఫుట్‌బాల్ సంఘాల సమాఖ్య యూఈఎఫ్ఏ చోటిచ్చింది కదా, మాకెందుకివ్వరు? డెన్మార్క్ అభ్యంతరం చెప్పలేదు, ఇక్కడ స్పెయిన్ చెప్పింది, తేడా అంతే. జిబ్రాల్టర్‌కు తలుపు తీస్తే రేపు తనలోని కాటలూన్యా, బాస్క్ ప్రాంతాలూ జట్లు పట్టుకొని వస్తాయన్నది స్పెయిన్ గుబులు. 2001లో యూఈఎఫ్ఏ నిబంధననే మార్చేసింది: ఐక్యరాజ్యసమితి గుర్తించిన దేశాలకే ఇకపై సభ్యత్వం. దరఖాస్తు పెట్టాక ఆట నియమాలు మారిస్తే ఎలాగని జిబ్రాల్టర్ లోజాన్‌లోని క్రీడా మధ్యవర్తిత్వ న్యాయస్థానానికి వెళ్లింది. పాత నిబంధనల ప్రకారమే దరఖాస్తును చూడాలని 2003లో తీర్పు వచ్చింది.

తీర్పు వచ్చినంత మాత్రాన ఓట్లు పడవు. 2007 జనవరిలో డుస్సెల్‌డార్ఫ్ సమావేశంలో జిబ్రాల్టర్‌కు వ్యతిరేకంగా 45 ఓట్లు, అనుకూలంగా మూడు పడ్డాయి. ఆ మూడూ ఇంగ్లండ్, స్కాట్లండ్, వేల్స్. మళ్లీ న్యాయస్థానం, మళ్లీ 2011లో అనుకూల తీర్పు. చివరికి 2013 మే 24న లండన్‌లో యూఈఎఫ్ఏ తన 54వ సభ్యురాలిగా జిబ్రాల్టర్‌ను చేర్చుకుంది. ఈసారి కాదన్నవి స్పెయిన్, బెలారుస్ మాత్రమే. జట్లను గ్రూపులుగా పంచేందుకు తీసే డ్రాలో స్పెయిన్, జిబ్రాల్టర్ జాతీయ జట్లు ఒకే గ్రూపులో పడకుండా చూడాలన్న ఏర్పాటుతో గొడవ సద్దుమణిగింది.

అలా 2014 వేసవిలో లింకన్ మొదటిసారి చాంపియన్స్ లీగ్ అర్హత పోటీల్లో దిగింది. డ్రా తీసినవాళ్లకు ఆ ఉద్దేశం ఉండదు గాని, ఎదురుపడింది ఫారో దీవుల క్లబ్బు హెచ్‌బీ టోర్‌షావ్న్! ఎవరిని చూపించి హక్కు అడిగారో, తొలి పోటీ వాళ్లతోనే. సొంత గడ్డ మీద 1-1, అక్కడికెళ్లి 2-5. మరుసటి ఏడాది అండోరా క్లబ్బు సాంతా కొలొమాను దాటింది. ఆ పై ఏడాది ఎస్టోనియా జట్టు ఫ్లోరాను దాటాకే సెల్టిక్ వచ్చింది. గ్లాస్గోలో జరిగిన రెండో మ్యాచ్‌లో సెల్టిక్ 3-0తో లెక్క సరిచేసి, ఆ సీజన్‌లో స్వదేశీ పోటీల్లో ఒక్క మ్యాచ్ కూడా ఓడకుండా మూడు ట్రోఫీలూ ఎత్తుకుపోయింది. సెల్టిక్‌ను చూసి నవ్విన ప్రత్యర్థి రేంజర్స్ 2020లో అదే మైదానానికి వచ్చి 5-0తో గెలిచి వెళ్లింది.

యూరప్‌తో పాటు డబ్బు కూడా వచ్చింది, డబ్బుతో పాటు కొత్త చిక్కు. 2021 ఆగస్టులో లాత్వియా క్లబ్బు రిగాను అదనపు సమయంలో ఓడించి లింకన్, ఐరోపా క్లబ్బుల మూడో స్థాయి పోటీ అయిన కాన్ఫరెన్స్ లీగ్ గ్రూపు దశకు చేరింది. జిబ్రాల్టర్ నుంచి అంతదూరం వెళ్లిన మొదటి క్లబ్బు అదే. ఆ దశకు చేరిన ప్రతి జట్టుకూ ప్రవేశం కింద 29 లక్షల యూరోలకు పైగా ముట్టింది. అక్కడ ఆరు మ్యాచ్‌లూ ఓడింది, అది వేరే సంగతి. అంత డబ్బు ముందుంటే డ్యూటీ దిగి సాధనకు వచ్చే పోలీసుతో సరిపెట్టుకునేదెవరు? కంచె అవతలి నుంచి స్పానిష్ ఆటగాళ్లు జీతానికి రావడం మొదలైంది. మైదానంలో ఇంతమంది స్థానికులు ఉండి తీరాలని సంఘం నిబంధన పెట్టాల్సి వచ్చింది. తలుపు మూసినప్పుడు పుట్టిన క్లబ్బును తలుపు తెరవడం ఇలా మార్చింది. ఇది మంచా చెడా అంటే నేను తేల్చలేను. ఊరి కుర్రాడికి దారి ఇరుకైంది, ఊరి క్లబ్బుకు దారి విశాలమైంది.

ఇప్పుడు కంచెకే కాలం చెల్లబోతోంది. దాన్ని తొలగించి, రాకపోకల మీద తనిఖీలు ఎత్తేయాలని 2025 జూన్‌లో బ్రిటన్, ఐరోపా సమాఖ్యల మధ్య రాజకీయ అంగీకారం కుదిరింది. లింకన్ యూరప్ మ్యాచ్‌లు కూడా ఆ ఇసుకనేల వదిలి కొండకు దక్షిణ కొసన ఉన్న యూరోపా పాయింట్‌కు మారాయి. పక్కన దీపస్తంభం, మసీదు, జలసంధికి అవతల మొరాకో కొండలు. 2025 అక్టోబర్‌లో లింకన్ అక్కడ పోలండ్ చాంపియన్ లెహ్ పోజ్నాన్‌ను 2-1తో ఓడించింది. కాన్ఫరెన్స్ లీగ్ ప్రధాన దశలో ఆ క్లబ్బుకు అదే మొదటి గెలుపు.