రాయి లేని గాల్ బ్లాడర్ నొప్పి: అపోహలు - వాస్తవాలు

చెన్నైలో స్కాన్ సెంటర్ నుంచి రిపోర్టు పట్టుకుని బయటికొచ్చే మనవాళ్లలో రెండు రకాలు కనిపిస్తారు. "రాయి లేదన్నారు, గ్యాసే అయ్యుంటుంది" అని మాత్రల పొట్లంతో నెల్లూరు రైలెక్కేవాళ్లు కొందరు. "రాయి లేకపోయినా గాల్ బ్లాడర్ సరిగా పనిచేయట్లేదట, తీసేయమన్నారు" అని ఆపరేషన్‌కి తేదీ ఖాయం చేసుకుని వచ్చేవాళ్లు ఇంకొందరు. చాలాసార్లు ఇద్దరూ తొందరపడినట్టే.

రాయి లేకుండా, సంచి కదలిక దెబ్బతినడం వల్ల వచ్చే ఈ బాధను ఫంక్షనల్ గాల్ బ్లాడర్ డిజార్డర్ అంటారు. పాత రిపోర్టుల్లో బిలియరీ డిస్కైనీసియా అని ఉంటుంది. కాలేయం రోజుకు అర లీటరు నుంచి లీటరు దాకా పైత్యరసం తయారుచేస్తుంది. దాన్ని చిక్కబరిచి దాచుకునే గాల్ బ్లాడర్ మాత్రం 30 నుంచి 50 మి.లీ. పట్టే చిన్న సంచి. కొవ్వు ఉన్న తిండి చిన్నపేగు మొదట్లోకి చేరగానే అక్కడి నుంచి కోలిసిస్టోకైనిన్ అనే హార్మోను విడుదలై సంచిని పిండుతుంది, కింద పేగులోకి తెరుచుకునే కవాటాన్ని వదులు చేస్తుంది. సంచి సరిగా పిండుకోకపోయినా, దారి వదులు కాకపోయినా లోపల ఒత్తిడి పెరిగి నొప్పి వస్తుంది.

అపోహ: కుడి డొక్కలో ఏ నొప్పి వచ్చినా గాల్ బ్లాడరే.

ఈ నొప్పికి ఒక స్వభావం ఉంది. రోగ నిర్ణయంలో సగం పని అక్కడే అయిపోతుంది. జీర్ణకోశ నిపుణులు కూర్చిన, 2016లో వచ్చిన రోమ్-4 ప్రమాణాల ప్రకారం నొప్పి పొట్ట పైభాగం మధ్యలో గానీ, కుడి పక్కటెముకల కింద గానీ రావాలి. క్రమంగా పెరిగి ఒక స్థాయిలో నిలిచి కనీసం 30 నిమిషాలు ఉండాలి. రోజూ కాకుండా, వేరువేరు వ్యవధుల్లో రావాలి. చేస్తున్న పని ఆపించేంత, లేదా ఎమర్జెన్సీకి తీసుకెళ్లేంత గట్టిగా ఉండాలి. విరేచనం అయినంత మాత్రాన, పక్కకు తిరిగి పడుకున్నంత మాత్రాన, యాసిడ్ తగ్గించే పాంటాప్రజోల్ వేసుకున్నంత మాత్రాన పెద్దగా తగ్గకూడదు. వికారం, వాంతి, వీపులో కుడి రెక్క కిందికి పాకడం, నిద్రలోంచి లేపడం ఈ అనుమానాన్ని బలపరుస్తాయి.

రోజంతా పొట్ట ఉబ్బరం, తేన్పులు, తిన్న ప్రతిసారీ బరువు మాత్రమే ఉంటే అది ఈ నొప్పి కాదు. అలాంటివాళ్లకు గాల్ బ్లాడర్ తీసేస్తే ఉబ్బరం అలాగే ఉండిపోతుంది.

ఇక్కడ భాష కూడా ఒక అడ్డంకి. "గ్యాస్" అనే మాట తెలుగు పేషెంటుకూ వచ్చు, తమిళ డాక్టరుకూ వచ్చు. అందుకే మాటలు అక్కడితో ఆగిపోతాయి. గ్యాస్ అనకండి. ఎన్ని గంటలకు మొదలైంది, ఎంతసేపు ఉంది, ముందు ఏం తిన్నారు, ఏం వేసుకుంటే తగ్గింది, ఈ నాలుగూ ఒక కాగితం మీద రాసి చూపించండి. ఐదారు నొప్పుల లెక్క అలా రాసి ఉంటే, దొంతర రిపోర్టులకంటే అదే ఎక్కువ చెబుతుంది.

అపోహ: పైత్యం చేసిందంటే గాల్ బ్లాడర్ బలహీనపడిందని.

పొద్దున్నే తల తిరగడం, నోరు చేదవడం, వికారం, ఇవన్నీ మన ఇళ్లలో పైత్యమే. ఆ మాట ఒక లక్షణాల గుంపుకు పేరు. గాల్ బ్లాడర్ జబ్బుకు కాదు. నోరు చేదెక్కడానికి రిఫ్లక్స్ (కడుపులోని యాసిడ్ పైకి ఎగదన్నడం), కొన్ని మందులు, చిగుళ్ల జబ్బు కారణాలు కావచ్చు. ఆ ఒక్క లక్షణంతో ఖరీదైన స్కాన్ దాకా వెళ్లక్కర్లేదు.

అపోహ: అల్ట్రాసౌండ్‌లో రాయి లేదంటే లేనట్టే.

గాల్ బ్లాడర్‌లో రాళ్లు పట్టడానికి అల్ట్రాసౌండే మొదటి పరీక్ష. చాలావరకు పట్టేస్తుంది కూడా. తప్పేది మూడు చోట్ల. 3 మి.మీ. కన్నా చిన్న రాళ్లు, అడుగున పేరుకున్న సన్నని బురద లాంటి స్లడ్జ్, సంచి మెడలో ఇరుక్కున్న రాయి. స్లడ్జ్ అని రిపోర్టులో ఉంటే దాన్ని "రాయి లేదు" కింద వేసేయకూడదు. దానివల్ల కూడా పాంక్రియాస్ (క్లోమం) వాచిపోవచ్చు. గర్భం, వేగంగా బరువు తగ్గడం, సెఫ్ట్రియాక్సోన్ ఇంజెక్షన్లు స్లడ్జ్‌కి మామూలు కారణాలు. కారణం పోతే చాలామందిలో అదీ పోతుంది.

ఇంకొకటి, ఖాళీ కడుపు. పినాకిని రైల్లో వస్తూ గూడూరులో వడ తిని, చెన్నైలో దిగి నేరుగా స్కాన్‌కి వెళితే సంచి అప్పటికే ముడుచుకుని ఉంటుంది. ముడుచుకున్న సంచి గోడ మందంగా కనిపిస్తుంది, లోపల ఏముందో తెలియదు. 6 నుంచి 8 గంటలు ఏమీ తినకుండా, పాలు కలిసిన కాఫీ కూడా తాగకుండా వెళ్లాలి. నీళ్లు పర్లేదు.

నొప్పి సరిగ్గా పైన చెప్పినట్టే ఉండి స్కాన్ బాగుంటే, మరో రోజు మళ్లీ అల్ట్రాసౌండ్ చేయిస్తాం. అనుమానం తీరకపోతే ఎండోస్కోపిక్ అల్ట్రాసౌండ్. పొట్ట లోపలి నుంచి, సంచికి బాగా దగ్గరగా చూస్తుంది కాబట్టి సన్నని రాళ్లు, పిత్తనాళంలో రాళ్లు అందులో దొరుకుతాయి. పెద్ద ఖర్చు లేని ఉపాయం ఇంకొకటి ఉంది: నొప్పి వచ్చిన రోజే లివర్ ఫంక్షన్ టెస్టు, లైపేజ్ (పాంక్రియాస్ ఎంజైము) రక్తపరీక్షలు చేయించడం. నొప్పి రోజున ఎంజైములు పెరిగి రెండు మూడు రోజుల్లో మామూలైతే నాళంలోంచి రాయి జారిందేమోనని చూడాలి. వారం తర్వాత ఇచ్చిన రక్తం ఆ సంగతి చెప్పదు. కదలిక జబ్బులో ఈ పరీక్షలు మామూలుగానే ఉంటాయి.

గాల్ బ్లాడర్ మీద నేరం మోపేముందు కొట్టేయాల్సిన పేర్లు మరికొన్ని ఉన్నాయి. అల్సర్, గుండె (పొట్ట పైభాగం నొప్పికి ముందు ఈసీజీ తీయాలి, షుగరున్నవాళ్లకు మరీ), క్రానిక్ పాంక్రియాటైటిస్, షుగర్‌తో మందగించిన జీర్ణాశయం, కడుపు గోడ కండరాల నొప్పి. ఈ చివరిది పట్టడానికి మంచం చాలు. వెల్లకిలా పడుకోబెట్టి నొప్పి ఉన్న చోట వేలితో అదమాలి. ఆ వేలు తీయకుండానే తల, భుజాలు పైకి లేపమనాలి. నొప్పి పెరిగితే అది గోడదే అయ్యే అవకాశం ఎక్కువ. లోపలి అవయవానిదైతే బిగిసిన కండరం అడ్డుపడి తగ్గాలి.

అపోహ: హైడా స్కాన్‌లో 38 శాతం కన్నా తక్కువ వస్తే ఆపరేషన్ ఖాయం.

ఎక్కువ తప్పులు జరిగేది ఇక్కడే కాబట్టి కాస్త నిదానంగా చెప్పుకోవాలి.

హైడా అంటే గాల్ బ్లాడర్ ఎంత బాగా పిండుకుంటుందో కొలిచే స్కాన్. టెక్నీషియం-99ఎం అనే రేడియోధార్మిక పదార్థం కలిపిన మెబ్రోఫెనిన్‌ని నరంలోకి ఇస్తారు. కాలేయం దాన్ని లాక్కుని పైత్యంలోకి వదులుతుంది, గంటలోపు గాల్ బ్లాడర్ నిండుతుంది. అప్పుడు సింకలైడ్ అనే మందుతో సంచిని పిండించి, ఉన్నదాంట్లో ఎంత శాతం బయటికి వెళ్లిందో లెక్కేస్తారు. దాన్నే ఎజెక్షన్ ఫ్రాక్షన్ అంటారు. 2011లో నిపుణులు ఒప్పుకున్న పద్ధతి ప్రకారం సింకలైడ్ మోతాదు కిలోకు 0.02 మైక్రోగ్రాము, అంటే 60 కిలోల మనిషికి 1.2 మైక్రోగ్రాములు. దాన్ని 60 నిమిషాల పాటు సన్నగా ఎక్కించాలి. 38 శాతం అనే హద్దు ఆ పద్ధతికే వర్తిస్తుంది. మూడు నిమిషాల్లో గబగబా ఎక్కిస్తే కడుపు మెలిపెడుతుంది, వికారం వస్తుంది, ఆరోగ్యంగా ఉన్నవాళ్లకు కూడా అంకె తక్కువ వస్తుంది. అలా మెలిపెట్టినప్పుడు "ఇదే నా నొప్పి" అని పేషెంటు అనడాన్ని కూడా రుజువుగా తీసుకోలేం.

మన దగ్గర సింకలైడ్ అన్నిచోట్లా దొరకదు. చాలా సెంటర్లు దాని బదులు కొవ్వున్న పాలో, మరో పానీయమో తాగిస్తాయి. తప్పు లేదు. కానీ ఆ తిండికి తగ్గ హద్దు వేరుగా ఉంటుంది. 237 మి.లీ. ఎన్ష్యూర్ ప్లస్ తాగించి గంట చూసే పద్ధతిలో 33 శాతం దాటితే మామూలే. తాగించిన దాంట్లో కనీసం 10 గ్రాముల కొవ్వు లేకపోతే సంచికి పిండుకోమన్న కబురే అందదు. జీర్ణాశయం మందగించినవాళ్లలో పాలు పేగుకు చేరడమే ఆలస్యమై, గాల్ బ్లాడర్ తప్పు లేకుండానే అంకె పడిపోతుంది. కాబట్టి రిపోర్టు తీసుకునేటప్పుడు రెండు అడగండి: దేనితో పిండించారు, మీ సెంటర్లో దానికి మామూలు హద్దు ఎంత?

తయారీలో జరిగే పొరపాట్లు ఇంకా ఎక్కువ. హైడా స్కాన్‌కి ముందు కనీసం 4 గంటలు ఖాళీ కడుపు ఉండాలి, 24 గంటలు దాటకూడదు. పేగు చాలాసేపు ఖాళీగా ఉంటే సంచి చిక్కని పైత్యంతో ముందే నిండిపోయి, మందు లోపలికి పోదు. ట్రామడాల్ వంటి నొప్పి మందులు కవాటాన్ని బిగిస్తాయి. సైక్లోపామ్, మెఫ్తాల్ స్పాస్ లాంటి వాటిలోని డైసైక్లోమిన్ సంచి కదలికనే ఆపుతుంది. కడుపునొప్పి ఉన్నవాళ్లు మింగేవి అవే! బీపీకి వాడే నిఫెడిపిన్, షుగరుకీ బరువుకీ వాడే సెమాగ్లూటైడ్ కూడా కదలిక తగ్గిస్తాయి. వాడుతున్న మందుల చీటీ మొత్తం స్కాన్ రాసే డాక్టరుకు చూపించండి. ఏది ఎన్నాళ్ల ముందు ఆపాలో వాళ్లే చెప్పాలి. బీపీ, షుగరు మందులు సొంతంగా ఆపొద్దు. గర్భం ఉంటే, అనుమానం ఉన్నా, ఈ స్కాన్ వాయిదా వేస్తారు. జ్వరంతోనో, మరో జబ్బుతోనో ఆస్పత్రిలో పడి ఉన్న మనిషికి ఈ శాతం లెక్క కట్టడంలో అర్థం లేదు. ఆ స్థితిలో ఎవరి సంచి అయినా మందగిస్తుంది.

ఇన్నీ సరిగ్గా చేసినా, ఏ బాధా లేనివాళ్లలో కూడా కొందరికి తక్కువ అంకె వస్తుంది. రోమ్-4 కూడా తక్కువ ఫ్రాక్షన్‌ని బలపరిచే ఆధారంగానే పెట్టింది, తప్పనిసరిగా కాదు. నొప్పి కథ సరిపోయి అంకె తక్కువైతే అంకెకు విలువ. కథ లేకుండా 25 శాతం వచ్చినా మేం దాని ఆధారంగా ఆపరేషన్‌కి పంపం. ఇక ఈ మధ్య 80 శాతం దాటితే "అతి చురుకు" అని తీసేస్తున్నారు. దాని వెనక ఉన్నవి ఎక్కువగా పాత కేసు షీట్లు తిరగేసి రాసిన అధ్యయనాలు. ఆ అంకె చూసి తొందరపడొద్దు.

అపోహ: గోడ వాచిందని రాస్తే వెంటనే తీసేయాలి.

వానల కాలంలో, అక్టోబరు నుంచి డిసెంబరు దాకా, చెన్నైలో ఈ మాట ఎక్కువ వినిపిస్తుంది. డెంగ్యూలో రక్తనాళాల్లోంచి ప్లాస్మా కారి గాల్ బ్లాడర్ గోడ ఉబ్బుతుంది. 3 మి.మీ. దాటిన ఆ గోడ ప్లాస్మా కారుతోందనడానికి గుర్తు, జ్వరం తగ్గాక అదే సర్దుకుంటుంది. ప్లేట్‌లెట్లు పడిపోయిన మనిషికి కత్తి పెట్టడం ప్రమాదం. కాలేయం వాపు, గుండె వైఫల్యం, ఆల్బుమిన్ తగ్గడం వల్ల కూడా గోడ మందమవుతుంది.

దీనికి పూర్తిగా ఎదురుగా ఉండేది అక్యూట్ అకాల్క్యులస్ కోలిసిస్టైటిస్. ఐసీయూలో ఉన్నవాళ్లు, ఒళ్లు కాలినవాళ్లు, పెద్ద ఆపరేషన్ అయినవాళ్లలో రాయి లేకుండానే సంచి వాచి, కుళ్లి, చిల్లు పడవచ్చు. ఇది గంటల లెక్క. యాంటీబయాటిక్స్, అవసరమైతే చర్మం గుండా గొట్టం పెట్టి చీము తీయడం, లేదా ఆపరేషన్. ఇంట్లో ఉన్నవాళ్లకైనా నొప్పి ఆరు గంటలు దాటినా, చలిజ్వరం తోడైనా, కళ్లు పచ్చబడినా హైడా తేదీ కోసం ఆగకుండా ఎమర్జెన్సీకే వెళ్లాలి.

అపోహ: ఆలివ్ నూనె, నిమ్మరసం తాగితే గాల్ బ్లాడర్ కడిగినట్టు అవుతుంది.

మర్నాడు విరేచనంలో పచ్చని ఉండలు పడితే రాళ్లు పోయాయని ఫోటోలు పంపుకుంటారు. అసలు రాయే లేనివాళ్లకు కూడా అవే ఉండలు పడతాయి! నూనె పేగులో విరిగి సబ్బు లాంటి ముద్దలుగా మారినవవి. కాస్త వేడి తగిలితే కరిగిపోతాయి. అంత నూనె ఒక్కసారి తాగడం అంటే సంచిని గట్టిగా పిండించడమే. నిజంగా రాయి ఉన్నవాళ్లకు అది ఇరుక్కోవచ్చు.

అపోహ: మందుల వల్ల ఉపయోగం లేదు, తీసేస్తేనే తగ్గుతుంది.

కొందరికి ఏమీ చేయకుండానే నొప్పులు తగ్గిపోతాయి. అందుకే ప్రాణం తీసేంత నొప్పి కాకపోతే కొన్ని నెలలు చూడటం న్యాయం. నొప్పి వచ్చినప్పుడు డ్రోటావెరిన్, హయోసిన్ లాంటివి పనిచేయవచ్చు. కొందరికి రాత్రిపూట 10 మి.గ్రా. అమిట్రిప్టిలిన్ ఇస్తాం. అది డిప్రెషన్ మాత్ర అని భయపడతారు, ఇక్కడ వాడేది నొప్పి కబుర్లు మోసే నరాలను నెమ్మదింపజేయడానికి. అర్సోడియాక్సికోలిక్ యాసిడ్‌కి స్లడ్జ్ ఉన్నచోట కొంత అర్థం ఉంది, కదలిక జబ్బుకు గట్టి ఆధారం లేదు. తిండి విషయంలో మాకు ఒకే ఒక్క మాట: నెయ్యి పొంగల్, వడ ఒకే పూట, బిర్యానీ మీద వేపుడు, ఇలా కొవ్వు ఒక్కసారి కుమ్మరించకండి. నూనె చుక్క లేని పథ్యం మాత్రం అక్కర్లేదు. అది వేగంగా బరువు తగ్గిస్తుంది, అసలు పిండుకోని సంచిలో స్లడ్జ్ పేరుకుంటుంది.

ఆపరేషన్ వైపు ఆధారం ఏమిటంటే, 1991లో ఆస్ట్రేలియా నుంచి వచ్చిన చిన్న ట్రయల్‌ని అందరూ ఎత్తి చూపుతారు. ఫ్రాక్షన్ 40 శాతం లోపు ఉన్న 21 మందిని లాటరీ వేసి విడగొట్టారు. గాల్ బ్లాడర్ తీసేసిన 11 మందిలో 10 మందికి నొప్పి పోయింది, ఒకరికి తగ్గింది. తీయని 10 మందికీ కొనసాగింది. ఫలితం బాగుంది, మనుషులే తక్కువ. కథ, అంకె రెండూ సరిపోయి, మిగతా కారణాలు కొట్టేసి, నెలల తరబడి జీవితం ఆగిపోతున్నవాళ్లకు కీహోల్ ఆపరేషన్ న్యాయమైన దారే. పిత్తనాళానికి గాయం అరుదు, అయితే మాత్రం పెద్ద దెబ్బ. కొందరికి తర్వాత నీళ్ల విరేచనాలు పట్టుకుంటాయి. పైత్య లవణాలు పెద్దపేగులోకి దిగడం వల్ల వచ్చేవి కాబట్టి కొలెస్టిరమిన్ పొడికి లొంగుతాయి. మిగతా మాత్రలు దానికి గంట ముందో, నాలుగు గంటల తర్వాతో వేసుకోవాలి, లేకపోతే వాటినీ అది పట్టేసుకుంటుంది.

అపోహ: తీసేశాక కూడా నొప్పి వస్తే కవాటం కోయించుకోవాలి.

ఎంజైములు పెరగకుండా, నాళం వెడల్పు కాకుండా నొప్పి మాత్రమే మిగిలితే ఈఆర్‌సీపీతో (నోట్లోంచి గొట్టం దించి పిత్తనాళం దగ్గర చేసే ప్రక్రియ) కవాటం కోయడం వల్ల లాభం లేదు. 2014లో ప్రచురించిన ఎపిసోడ్ ట్రయల్‌లో 214 మంది ఉన్నారు. కవాటం కోయించుకున్నవాళ్లలో 23 శాతం, కోసినట్టు నమ్మించి కోయకుండా వదిలేసిన పేషెంట్లలో 37 శాతం బాగుపడ్డారు. పైగా ఈఆర్‌సీపీకి పాంక్రియాస్ వాపు అనే దుష్ఫలితం ఉంది. అలాంటప్పుడు మొదటి నొప్పుల కాగితం మళ్లీ బయటికి తీసి, అల్సర్, జీర్ణాశయం, కడుపు గోడ, పేగు వైపు చూడాలి. తీసిన సంచి బయాప్సీ రిపోర్టు కూడా పక్కన పెట్టుకోవాలి. డిశ్చార్జి రోజున ఆ రిపోర్టు చేతికి రాదు, వారం తర్వాత అడిగి తెచ్చుకోవాలి.