పురీషనాళ క్యాన్సర్‌లో ఆపరేషన్‌కు ముందు రేడియేషన్: అపోహలు - వాస్తవాలు

పురీషనాళం అంటే మలద్వారానికి ముందుండే పెద్దపేగు చివరి భాగం. అక్కడి క్యాన్సర్ గురించి రేడియేషన్ ఆంకాలజిస్టుగా (రేడియేషన్‌తో క్యాన్సర్‌కు వైద్యం చేసే డాక్టరుగా) నేను రోజూ వినే మాటలివి. కొన్ని భయంతో పుట్టినవి, కొన్ని ఒకప్పుడు నిజమై ఇప్పుడు పాతబడినవి.

అపోహ: ముందు కరెంటు (రేడియేషన్) పెడుతూ కూర్చుంటే గడ్డ పాకిపోతుంది. తీసేశాక పెట్టుకోవచ్చు కదా?

ఈ రెండు పద్ధతులనూ జర్మనీ వైద్యులు నేరుగా పోల్చి చూశారు. 2004లో ఫలితాలు వచ్చాయి. ఐదేళ్లలో క్యాన్సర్ అదే చోట తిరగబెట్టింది ముందు రేడియేషన్ తీసుకున్నవారిలో 6 శాతం మందికి, తర్వాత తీసుకున్నవారిలో 13 శాతం మందికి. ఎంతకాలం బతికారన్నదాంట్లో మాత్రం పెద్ద తేడా లేదు. తీవ్రమైన దుష్ప్రభావాలు కూడా ముందు తీసుకున్నవారిలోనే తక్కువ. ఆపరేషన్ అయ్యాక చిన్నపేగు కటి భాగంలోకి జారి రేడియేషన్ దారిలోకి వస్తుంది, పైగా కోసి కుట్టిన చోట రక్తప్రసరణ తగ్గి కణాలకు ఆక్సిజన్ సరిగా అందదు. ఆక్సిజన్ లేని కణాల మీద రేడియేషన్ అంత బాగా పనిచేయదు.

అపోహ: ఐదు రోజుల రేడియేషన్ అంటే సగం వైద్యమే.

కాదు. రోజుకు 5 గ్రే (రేడియేషన్ మోతాదు కొలత) చొప్పున ఐదు రోజులు, లేదా 1.8 గ్రే చొప్పున 28 రోజులు. రోజువారీ మోతాదు వేరు కాబట్టి రోజుల లెక్కతో పోల్చకూడదు. రాపిడో అనే అధ్యయనంలో ఐదు రోజుల రేడియేషన్, ఆ వెంటనే కీమో, ఆ తర్వాత ఆపరేషన్ చేశారు. మామూలుగా ఎక్కువ రోజులిచ్చే పద్ధతితో పోలిస్తే గడ్డ పూర్తిగా మాయమైనవారు 14 నుంచి 28 శాతానికి పెరిగారు, ఇతర అవయవాలకు పాకడమూ తగ్గింది. కానీ ఐదేళ్లకు చూస్తే అదే చోట తిరగబెట్టడం 6 శాతం నుంచి 10 శాతానికి పెరిగింది. అందుకే దీన్ని అందరికీ ఒకేలా వాడాలని నేను అనను. ఎమ్మారైలో గడ్డ ఎక్కడుంది, చుట్టూ ఉన్న పొరను తాకుతోందా లేదా అన్నది చూశాకే నిర్ణయించాలి.

అపోహ: రేడియేషన్ అందరికీ తప్పనిసరి.

మా రంగంలో వచ్చిన అతి పెద్ద మార్పు ఇక్కడే ఉంది. 2023లో వెలువడిన ప్రాస్పెక్ట్ అనే అధ్యయనంలో, మలద్వారాన్ని కాపాడుతూ ఆపరేషన్ చేయగలిగినవారికి ముందు కీమో మాత్రమే ఇచ్చి, గడ్డ సరిగా తగ్గనివారికే రేడియేషన్ జోడించారు. కీమో వర్గంలో ఆపరేషన్‌కు ముందు రేడియేషన్ అవసరమైనవారు దాదాపు 9 శాతమే. ఐదేళ్లకు ఈ వర్గం ఫలితాలూ, అందరికీ ముందే రేడియేషన్ ఇచ్చిన వర్గం ఫలితాలూ ఇంచుమించు సమానం. పిల్లలు కావాలనుకునే యువతికి ఇది ఎంత పెద్ద విషయమో ఆలోచించండి. కటి భాగానికి రేడియేషన్ ఇస్తే అండాశయాలు దెబ్బతింటాయి. అయితే బాగా కింద ఉన్న గడ్డలకు, పక్క అవయవాల్లోకి చొచ్చుకుపోయినవాటికి ఈ ఫలితం వర్తించదు.

అపోహ: రేడియేషన్, కీమో అయ్యాక స్కోపీలో (లోపలికి కెమెరా పంపి చూసే పరీక్షలో) గడ్డ కనిపించడం లేదంటే ఇక కథ ముగిసినట్టే.

కథ కొత్త దశలోకి వచ్చిందంతే. గడ్డ పూర్తిగా కరిగినవారికి ఆపరేషన్ చేయకుండా కనిపెట్టుకుని ఉండే పద్ధతిని బ్రెజిల్ సర్జన్ ఏంజెలీటా హబ్ర్-గామా ముందుకు తెచ్చినప్పుడు చాలామంది నమ్మలేదు. 2022లో వచ్చిన ఓప్రా అనే అధ్యయనంలో, రేడియేషన్, కీమో తీసుకున్నవారిలో సుమారు సగం మంది మూడేళ్ల తర్వాత కూడా పురీషనాళం నిలబెట్టుకున్నారు. అయినా ఇలా కనిపెట్టుకుని ఉన్నవారిలో నలుగురిలో ఒకరికి గడ్డ మళ్లీ వస్తుంది, ఎక్కువగా మొదటి రెండేళ్లలోనే. ఆ రెండేళ్లూ మూడు నాలుగు నెలలకోసారి వేలితో పరీక్ష, స్కోపీ, ఎమ్మారై చేయించుకోవాలి. ఇలా వదలకుండా రాగలిగినవారికే నేను ఈ దారి చెబుతాను. రాలేని పరిస్థితుల్లో ఆపరేషనే సురక్షితం.

అపోహ: ఇమ్యునోథెరపీ (రోగనిరోధక శక్తిని క్యాన్సర్ మీదికి పురిగొల్పే వైద్యం) వచ్చింది, ఇక రేడియేషన్ పనిలేదు.

2022లో దోస్టార్లిమాబ్ అనే ఇమ్యునోథెరపీ మందుతో 12 మందిలో 12 మందికీ గడ్డ మాయమైందన్న వార్త నిజమే. వాళ్లందరి గడ్డల్లోనూ డీఎన్‌ఏ తప్పులు సరిదిద్దే వ్యవస్థ పాడై ఉంది. పురీషనాళ క్యాన్సర్లలో అలాంటివి 5 నుంచి 10 శాతమే. మిగతావారికి ఆ మందు అలా పనిచేయదు. మీది ఏ రకమో బయాప్సీ ముక్క మీద చేసే ఎంఎంఆర్ పరీక్ష (ఆ సరిదిద్దే వ్యవస్థ బాగుందో లేదో చూసేది) చెబుతుంది. టెన్షన్ పడకుండా, రేడియేషన్ మొదలుపెట్టకముందే ఆ రిపోర్టు మీ డాక్టర్ని అడగండి.