దేవుడు చేశాడా, చేయనిచ్చాడా? ఈ తగువు వెనక కథ

మళ్లీ మొదలైంది. విశ్వాసుల ఇంట్లో చిన్నవయసులో ఎవరైనా పోయినా, ఉన్న ఉద్యోగం ఊడినా ఒకాయన "అంతా దేవుని చిత్తం" అంటాడు, ఇంకొకాయన "దేవుడు అలా చేస్తాడా, అది సాతాను పని, ఆయన అనుమతించాడంతే" అంటాడు, ఇద్దరూ తీసేది బైబిల్లో రోమా 8:28 ఏ, దేవుణ్ణి ప్రేమించేవాళ్లకి అన్నీ మేలుకే సమకూడి జరుగుతాయనే వచనం. మనిషి చిత్తం ఎంత, దేవుడి కృప ఎంత అని తొలినాళ్ల క్రైస్తవ బోధకులు అగస్టీను, పెలేజియస్ పడ్డ గొడవ పాతదే, వదిలేద్దాం. 1618-19లో నెదర్లాండ్స్‌లో ప్రొటెస్టెంటు సంఘాలు పెట్టిన డార్ట్ మహాసభని కూడా ఇందులోకి లాగుతుంటారు గానీ అక్కడ కొట్టుకున్నది ముఖ్యంగా రక్షణ గురించి, అంటే పాపం నుంచి విడుదల ఎవరికి దొరుకుతుందన్నదాని గురించి, జబ్బులూ అప్పుల గురించి కాదు.

నన్నడిగితే అసలు మలుపు 16వ శతాబ్దపు ప్రొటెస్టెంటు గురువు కాల్విన్ దగ్గరుంది. చెడు జరిగితే "దేవుడు అనుమతించాడు" అని సర్దేసుకోవడం అంతకుముందు నుంచీ ఉన్నదే. ఆ సర్దుబాటు చాలదని కాల్విన్ తన సిద్ధాంత గ్రంథం 'ఇన్‌స్టిట్యూట్స్' మొదటి భాగం 18వ అధ్యాయంలో తెగేసి చెప్పాడు. ఆయన చూపించింది బైబిల్లో ఆస్తినీ పిల్లల్నీ పోగొట్టుకున్న నీతిమంతుడు యోబునే. ఒంటెల్ని తోలుకుపోయింది దొంగలు, వెనకుండి ఆడించింది సాతాను, అయినా యోబు నోట వచ్చింది "యెహోవా ఇచ్చెను యెహోవా తీసికొని పోయెను" అనే. అలాగని దొంగ పాపం దేవుడి మీద పడదు, దొంగ ఉద్దేశం దొంగదే, దేవుడి ఉద్దేశం వేరు, తనని అమ్మేసిన అన్నలతో యోసేపు "మీరు కీడు తలపెట్టారు, దేవుడు దాన్ని మేలుకి తిప్పాడు" అన్నదీ ఇదేగా.

ఏ కష్టం తెలియనాయన రాసిన సిద్ధాంతం అని తీసిపారేసేవాళ్లున్నారు. 1542లో పుట్టిన ఆయన కొడుకు ఎన్నాళ్లో బతకలేదు. స్నేహితుడు విరేకి రాసిన ఉత్తరంలో, ప్రభువు మాకు చాలా పెద్ద గాయం చేశాడు, అయినా ఆయన తండ్రి, పిల్లలకి ఏది మంచిదో ఆయనకే తెలుసు అని రాసుకున్నాడు. గాయం చేసిందీ ఆయనే, తండ్రీ ఆయనే, అనుమతి ఊసే లేదు.

కాల్విన్ బాటలో నడిచే సంఘాలు వాడే బోధ పుస్తకం, 1563 హైడెల్‌బర్గ్ ప్రశ్నోత్తరాల్లో 27వది దీన్నే మామూలు జనానికి అర్థమయ్యేలా చెప్పింది: వాన, కరువు, పంట పండిన ఏడు, ఎండిన ఏడు, ఆరోగ్యం, జబ్బు, కలిమి, లేమి, ఏదీ దానంతటది రాదు, తండ్రి చేతి నుంచే వస్తుంది. ఇప్పుడు వాదించేవాళ్లు ఇక్కడిదాకా చదివి ఆపేస్తారు. దీనివల్ల మనకేంటి లాభం అని అడిగేది 28వ ప్రశ్న, జవాబేమో కష్టంలో ఓర్పు, సుఖంలో కృతజ్ఞత. పక్కింటాయన శ్రమకి కారణం తేల్చమని అందులో ఎక్కడా లేదు.

"అనుమతించాడంతే" అనే అవతలి పక్షం 18వ శతాబ్దపు మెథడిస్టు బోధకుడు వెస్లీని చూపిస్తుంది. ఎవరికి రక్షణో దేవుడు ముందే నిర్ణయించేశాడనే ముందేర్పాటు బోధ ఆయనకి అస్సలు పడదు, నిజమే, కానీ 1755 నవంబర్ 1న లిస్బన్ భూకంపం వచ్చినప్పుడు ఆయన కూడా అది దేవుని హస్తమనే రాశాడు. దేవుడికి సంబంధమే లేదు అన్నంత దూరం వెళ్లలేదు.

ఆ దూరం ఈ మధ్య వెళ్లారు. మనుషులు స్వేచ్ఛగా చేయబోయేదంతా ముందే ఖరారై లేదు, దేవుడు కూడా రిస్క్ తీసుకున్నాడు అని 1990లలో కొందరు అమెరికా పండితులు రాశారు, వాళ్లలో జాన్ శాండర్స్ సోదరుడు మోటార్‌సైకిల్ ప్రమాదంలో పోయాడు. 2003లో శాండర్స్‌ని అమెరికాలోని క్రైస్తవ పండితుల సంఘం ఇవాంజెలికల్ థియలాజికల్ సొసైటీ నుంచి తీసేయాలని ఓటింగ్ పెడితే మెజారిటీ వచ్చింది గానీ కావాల్సిన మూడింట రెండొంతులు రాలేదు.

ఇక కష్టం వచ్చిందంటే నీ విశ్వాసం తక్కువ అనే మూడో రకం బోధ ఒకటుంది, ఇవాళ గొంతు పెద్దది దానిదే. దాని దగ్గరకొచ్చేసరికి కాల్విన్ వాళ్లూ వెస్లీ వాళ్లూ ఒకే జట్టు, ఇద్దరూ లూకా 13 తీసి సిలోయములో గోపురం కూలి చచ్చిపోయిన 18 మందిని చూపిస్తారు, వాళ్లు మిగతావాళ్లకంటే పాపులేం కాదని యేసు అన్నాడు అక్కడ.